జొన్నపిండి బిస్కెట్ చేతిలోనే ఎందుకు పొడైపోతుంది?

మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల వైపు చాలా ఇళ్లలో జొన్నపిండి డబ్బా ఖాళీ కావడం అరుదు, రాత్రికి రొట్టె కావాల్సిందే. అలాంటి ఇంట్లోకి కొత్తగా ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) వస్తే మొదట జరిగేది ఒకటే. పిల్లలకు మైదా ఎందుకు పెట్టాలి అనుకుని, యూట్యూబ్‌లో చూసిన మైదా బిస్కెట్ కొలతలు అలాగే ఉంచి, మైదా ఉన్న చోట జొన్నపిండి పోసేస్తారు. కాలుతున్నప్పుడు వాసన బ్రహ్మాండంగా వస్తుంది. ట్రే బయటికి తీసి ఒకటి పట్టుకోగానే రెండు ముక్కలు, నోటి దాకా వెళ్లేసరికి పొడి. "జొన్నకు జిగురుండదు కదా, బిస్కెట్లకు పనికిరాదు" అని తీర్పు కూడా అక్కడే, ఆ ట్రే ముందే అయిపోతుంది.

ఈ తీర్పులో మొదటి సగం నిజం, రెండో సగం తప్పు. జొన్నలో, సజ్జలో, తైదల్లో (రాగులు అనండి) గ్లూటెన్ ఉండదు. గోధుమ పిండికి నీళ్లు తగిలి, పిసికినకొద్దీ రబ్బరులా సాగే జిగురు అదే. బ్రెడ్డు, బన్ను పొంగేది దాని వల్లే, పులిసినప్పుడు పుట్టే గాలిని బుడగల్లా పట్టి ఉంచేది అది. అందుకే వట్టి జొన్నపిండితో బ్రెడ్డు చెయ్యడం నిజంగానే కష్టం. కానీ బిస్కెట్ సంగతి తిరగబడి ఉంటుంది. బేకరీ మాస్టర్‌ను అడిగితే మైదాతో చేసేటప్పుడు కూడా "పిండిని పిసకొద్దు, కలిసీ కలవనట్టు దగ్గరికి తియ్యి" అంటాడు. ఎందుకంటే గ్లూటెన్ సాగితే బిస్కెట్ గట్టిగా, నమలలేనట్టు అవుతుంది. పిండిలో నెయ్యి ముందే రాయడం వెనకున్న ఉద్దేశం కూడా ఆ జిగురు సాగకుండా అడ్డుపడటమే. అంటే బేకరీ వస్తువులన్నింటిలో గ్లూటెన్ అవసరం అతి తక్కువగా ఉండేది బిస్కెట్‌కే. మైదా వాడినప్పుడు వద్దని అణిచిపెట్టే గుణం జొన్నకు పుట్టుకతోనే లేదు, కాబట్టి బ్రెడ్డు దగ్గర చుట్టంలా మసలే జొన్న బిస్కెట్ దగ్గర ఇంటి మనిషి కావాలి.

మరి పొడైపోయేది ఎందుకు? పిండిని మార్చి, నీటి లెక్క మార్చకపోవడం వల్ల.

మైదా అంటే గోధుమలో పైన తవుడు పొర, మూలన అంకురం తీసేసి మిగిల్చిన తెల్లటి గుజ్జు భాగం. మెత్తగా ఉంటుంది, నీళ్లు తొందరగా తాగుతుంది. మొత్తం గింజతో ఆడించిన పిండిలో తవుడు ఉంటుంది. ఆ పీచు తన బరువుకు మించి నీళ్లు పీలుస్తుంది, పైగా మెల్లగా పీలుస్తుంది. జొన్న గింజకైతే బయటి వైపు గాజులాంటి గట్టి పొర ఒకటి ఉంటుంది, గిర్నిలో ఎంత ఆడించినా దాని పలుకులు కొన్ని సన్నటి రవ్వలా మిగిలిపోతాయి. మైదా కొలతతో కలిపినప్పుడు ముద్ద మొదట బాగానే కనిపిస్తుంది. ఐదు నిమిషాల తర్వాత లోపలి పీచు, ఆ రవ్వ కలిసి ఉన్న తడినంతా లాగేసుకుంటాయి, ముద్ద ఎండిపోతుంది, అంచులు పగులుతాయి. దాన్ని అలాగే ఓవెన్‌లో పెడితే పొడి కాక ఏమవుతుంది? సగం తడిసిన రవ్వ పంటి కింద ఇసుకలా తగిలేది కూడా ఇందుకే.

రొట్టె చేసే వాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. జొన్న రొట్టెకు మరిగే నీళ్లు పోస్తారు, చల్ల నీళ్లతో కలిపితే తట్టేటప్పుడు చీలికలు వస్తాయని చేతులకు తెలుసు. వేడి నీళ్లకు జొన్నలోని గంజి (స్టార్చ్) కొంత ఉడికి జిగురుగా మారుతుంది, గ్లూటెన్ చెయ్యాల్సిన పని అది చేస్తుంది. అయితే ఈ కిటుకును బిస్కెట్‌కు యథాతథంగా తెస్తే దెబ్బ తింటారు. రొట్టెకు పోసినన్ని వేడి నీళ్లు బిస్కెట్ పిండిలో పోస్తే వచ్చేది కరకరలాడే బిస్కెట్ కాదు, ఎండిన రొట్టె ముక్క. బిస్కెట్‌లో నీళ్లు చాలా తక్కువ, అందులో గంజి పెద్దగా ఉడకదు కూడా. దాన్ని పట్టి ఉంచేవి రెండే, నెయ్యి, తీపి. వేడికి కరిగిన చక్కెరో బెల్లమో చల్లారాక గాజులా గట్టిపడి పిండి రేణువులను ఒకదానికొకటి అతికిస్తుంది. ఓవెన్‌లోంచి తీసినప్పుడు బిస్కెట్ మెత్తగా ఉండేది అందుకే. చాలామంది ఇది కాలలేదేమోనని మళ్లీ పది నిమిషాలు లోపల పెట్టి మాడ్చేస్తారు. ట్రే మీదే ముట్టుకోకుండా ఒక పదిహేను నిమిషాలు వదిలేస్తే అదే గట్టిపడుతుంది.

మందు సింపుల్, కాస్త ఓపిక కావాలి అంతే. పిండి కలిపాక తడిబట్ట కప్పి అరగంట పక్కన పెట్టాలి, కుదిరితే ముప్పావు గంట. ఆ తర్వాత ఒక పిడికెడు తీసుకుని గట్టిగా నొక్కి, అరచేయి తెరిచి చూడాలి. వేళ్ల అచ్చు ముద్ద మీద దిగి నిలబడితే సరిపోయింది. ముద్దను బొటనవేలితో బిళ్లలా ఒత్తితే అంచు చుట్టూ ఎండిన చెరువు బంకమట్టిలా పగుళ్లు వస్తే ఇంకో చెంచా పాలు కావాలి. అరచేతికి నూనె మెరుపు అంటుకుంటే నెయ్యి ఎక్కువైనట్టు, ఒక చెంచా పిండి చల్లుకోవాలి. కొలతల కంటే ఈ పరీక్షే నమ్మకం, ఎందుకంటే ఒక్కో గిర్నిలో పిండి ఒక్కోలా వస్తుంది, కొత్త జొన్నలు ఒకలా, పాత జొన్నలు ఒకలా తాగుతాయి.

గిర్ని మాట వచ్చింది కాబట్టి ఒక విషయం. రొట్టెల పిండి కొంచెం పలుకుగా ఉన్నా నడుస్తుంది, బిస్కెట్లకు నడవదు. అలాగని సన్న జల్లెడ పట్టి పైన మిగిలినది పారబోస్తే, మొత్తం గింజ అన్న మాటకు అర్థమే పోతుంది, పోయేదంతా తవుడే. రెండోసారి ఆడించమని అడగడం మేలు. ఇంట్లో గ్లూటెన్ పడని జబ్బు ఉన్నవాళ్లుంటే ఇంకో జాగ్రత్త కూడా ఉంది. గోధుమలు ఆడించిన రాయి మీదే వెంటనే జొన్నలు పోస్తే గోధుమ పిండి కలిసే వస్తుంది. అలాంటి వాళ్లకు ఇంట్లో మిక్సీ పట్టుకోవడమే దిక్కు.

ఏ గింజకు ఆ గుణం. జొన్న తటస్థంగా, కాస్త తియ్యగా ఉంటుంది, దేనితోనైనా కలుస్తుంది. తైదపిండి సన్నగా మెత్తగా ఉంటుంది, బిస్కెట్ బాగా నిలుస్తుంది, కానీ ముందే నల్లగా ఉండటం వల్ల కాలిందో మాడిందో రంగు చూసి చెప్పలేం, వాసన మీద, అంచు గట్టితనం మీద ఆధారపడాలి. మొలకెత్తించి ఎండబెట్టి ఆడించిన తైదపిండి అయితే ఇంకాస్త తియ్యగా ఉంటుంది, మొలకలో పుట్టిన ఎంజైములు గంజిని చక్కెరలుగా విరగ్గొడతాయి కాబట్టి. దానికి బెల్లం తగ్గించొచ్చు, కానీ ఓవెన్‌లో కొంచెం ఎక్కువ పరుచుకుంటుంది, రంగు కూడా తొందరగా తిరుగుతుంది. సజ్జల రుచి అన్నిటికంటే గాఢం, నువ్వులతో జోడీ అదిరిపోతుంది, సంక్రాంతికి నువ్వులద్దిన సజ్జ రొట్టె తిన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. సజ్జలతో చిక్కు ఒక్కటే. గింజలో నూనె 5 శాతం దాకా ఉంటుంది, ఆడించగానే ఆ నూనె మీద ఎంజైములు పని మొదలుపెడతాయి, వారం పది రోజుల్లోనే పిండి చేదెక్కుతుంది. ఎండాకాలం ఇంకా ముందే. సజ్జ బిస్కెట్ చేదుగా వచ్చిందంటే నూటికి తొంభై సార్లు తప్పు రెసిపీది కాదు, పిండి వయసుది. ఎప్పటికప్పుడు కొద్దిగా ఆడించుకుని, కలిపే ముందు మూకుడులో సన్న సెగ మీద ఆరేడు నిమిషాలు వేయిస్తే ఆ ఎంజైముల పని చాలావరకు ఆగుతుంది, కమ్మటి వాసన కూడా వస్తుంది. జొన్నపిండిని కూడా ఇలా వేయిస్తే పచ్చి వాసన పోతుంది. పూర్తిగా చల్లారాకే నెయ్యి కలపాలి, లేదంటే నెయ్యి కరిగి అంతా పాడు.

నెయ్యి దగ్గరే చాలామంది తెలియకుండా జారుతారు. రెసిపీలో 100 గ్రాముల వెన్న (బేకరీ బటర్) అని ఉంటే 100 గ్రాముల నెయ్యి వేసేస్తారు. బటర్‌లో కొవ్వు 80 శాతం చిల్లర, మిగతాదంతా దాదాపు నీళ్లే. నెయ్యిలో నీళ్లుండవు, మొత్తం కొవ్వే. సమానంగా వేస్తే కొవ్వు పావు వంతు పెరిగింది, ఉండాల్సిన నీళ్లు మాయమయ్యాయి. అసలే నీళ్లకు అలమటించే జొన్నపిండికి ఇది గోరుచుట్టు మీద రోకటిపోటు. 100 బటర్‌కు బదులు 80 నెయ్యి, పైన ఒకటి రెండు చెంచాల పాలు, అదీ లెక్క. నెయ్యి పేరుకుని ఉండాలి, కరిగి ఉండకూడదు. చక్కెర పలుకులతో కలిపి గిలకొట్టినప్పుడు పేరుకున్న నెయ్యిలోకే గాలి ఎక్కుతుంది, కరిగిన దాంట్లోకి ఎక్కదు. ఇక్కడే ఊరి సంగతి వస్తుంది. మే నెలలో నల్గొండలో ఎండ 44 డిగ్రీలు దాటుతుంటే వంటింట్లో నెయ్యి నూనెలా నీళ్లు కారుతూ ఉంటుంది. జనవరిలో గుండ్రంగా వచ్చిన బిస్కెట్ అదే కొలతతో మే నెలలో అప్పంలా పరుచుకుందంటే కారణం అదే. నెయ్యిని ముందు ఫ్రిజ్‌లో పెట్టాలి, బిళ్లలు ఒత్తాక ట్రేతో సహా ఇంకో పావుగంట పెట్టాలి.

నెయ్యి ఖర్చు, కొవ్వు రెండూ తగ్గించుకోవడానికి పాలమూరు దగ్గర మంచి ఉపాయమే ఉంది, పల్లీలు. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు యాసంగి అంటేనే పల్లి చేన్లు. వేయించి పొట్టు తీసి దంచిన 40 గ్రాముల పల్లి పొడిలో 19 గ్రాముల దాకా నూనె ఉంటుంది, 10 గ్రాముల మాంసకృత్తులు అదనం. అందుకని నెయ్యి 15 గ్రాములు తగ్గించి ఈ పొడి కలిపితే ముద్ద బాగా దగ్గరికి వస్తుంది, పొడైపోయే జబ్బు కూడా తగ్గుతుంది. మిక్సీలో మరీ తిప్పితే నూనె కక్కి ముద్ద అవుతుంది, ఆపి ఆపి తిప్పాలి.

బెల్లమా చక్కెరా అన్నది ఆరోగ్యం లెక్కలో పెద్ద తేడా కాదు, రెండూ తీపే, రెండిటి కెలొరీలూ దగ్గర దగ్గరే. బిస్కెట్ లెక్కలో మాత్రం చాలా తేడా ఉంది. బెల్లం గాలిలో తడిని లాక్కుంటుంది, అందుకే బెల్లం బిస్కెట్ కరకరలు తక్కువ, తొందరగా మెత్తబడుతుంది. తొందరగా ఎర్రబడుతుంది కూడా, కాబట్టి 180 డిగ్రీలు అన్న చోట 160 నుంచి 165 చాలు. గడ్డలు మిగిలితే అక్కడక్కడా నల్లటి మాడు మచ్చలు పడతాయి. రాళ్లు, చెత్త ఉంటాయని అనుమానముంటే రెండు మూడు చెంచాల వేడి నీళ్లలో కరిగించి వడకట్టి చల్లార్చుకోవాలి, అప్పుడు పాలు వేరే అక్కర్లేదు. కరకరలు కావాలన్న పట్టుదల ఉంటే సగం బెల్లం, సగం చక్కెర. రాజీ అయినా మంచి రాజీ.

ఇక కొలత. జొన్నపిండి 150 గ్రాములు, గోధుమ పిండి 50, పేరుకున్న నెయ్యి 80, బెల్లం 80, అర చెంచా బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు, ఇలాచి, తడికి రెండు మూడు చెంచాల పాలో నీళ్లో. గోధుమ పిండి తప్పనిసరి కాదు, మొదటిసారి చేసేవాళ్లకు ధైర్యం కోసం. వంట సోడా ఎక్కువ పడితే సబ్బు వాసన వస్తుంది, అందుకే దాని జోలికి పోకపోవడం మంచిది. అర సెంటీమీటర్ కంటే కొంచెం మందంగా ఒత్తితే 24 దాకా వస్తాయి, 165 డిగ్రీల మీద 18 నుంచి 20 నిమిషాలు. మందం అన్నిటికీ ఒకేలా ఉండాలి, లేకపోతే పలచనివి మాడే లోపు మందపువి ఉడకవు.

ఓటీజీ లేనివాళ్లు కుక్కర్‌లో చేస్తుంటారు. చెయ్యొచ్చు, కానీ నీళ్లు లేకుండా కుక్కర్‌ను అరగంట మంట మీద పెడితే అది పాడవుతుంది, గ్యాస్కెట్, విజిల్ తియ్యడం మరిచిపోతే ఇంకా టెన్షన్. దాని బదులు అడుగు మందమున్న పాత గంజు (పెద్ద గిన్నె) తీసుకుని, అడుగున రెండు వేళ్ల మందం ఇసుకో దొడ్డు ఉప్పో పోసి, మూత పెట్టి పది నిమిషాలు కాగనిచ్చి, లోపల స్టాండు మీద పళ్లెం పెట్టుకుంటే సరిపోతుంది. మక్కలు వేయించే బట్టీలో ఇసుక చేసే పనే ఇక్కడా చేస్తుంది, వేడిని పట్టుకుని అన్ని వైపులా సమంగా ఇస్తుంది. అడుగు రంగు తిరిగినంత తొందరగా పైభాగం తిరగదు, ఆ తేడా ఒప్పుకోవాల్సిందే.

బిస్కెట్ అన్న మాట లాటిన్‌లో "రెండుసార్లు కాల్చినది" అన్న అర్థం నుంచి వచ్చింది. ఇవాళ ఆ పేరుకు తగ్గట్టు ఉన్నది చాయ్‌లో ముంచుకునే టోస్టే. కానీ ఆ పాత పద్ధతి జొన్న బిస్కెట్‌కు భలే పనికొస్తుంది. కాలడం అయ్యాక ఓవెన్ ఆపేసి, తలుపు కొద్దిగా తెరిచి, ఆ మిగిలిన వేడిలోనే ఇంకో పది నిమిషాలు ఆరనిస్తే లోపల దాక్కున్న తడి బయటికి పోతుంది. కరకరలకు కావాల్సింది అదే, మంచి బిస్కెట్‌లో తడి 5 శాతం లోపే ఉంటుంది. మంట పెంచితే తడి పోకముందే పైన మాడుతుంది.

ఇప్పుడు ఎవరూ అంతగా ఇష్టపడని లెక్క. పైన చెప్పిన కొలతలో పిండి నుంచి వచ్చేది 680 కెలొరీల దాకా, నెయ్యి నుంచి 720, బెల్లం నుంచి 300. పేరు జొన్న బిస్కెట్టే గానీ పైచేయి నెయ్యిది. 24 బిస్కెట్లకు పంచితే ఒక్కోటి 70 కెలొరీలు, పీచు గ్రాము కూడా పూర్తిగా ఉండదు. 65 గ్రాముల పిండితో చేసిన ఒక్క జొన్న రొట్టెలో ఆరు గ్రాములకు పైనే పీచు, 220 చిల్లర కెలొరీలు. ఆ పీచు బిస్కెట్ల నుంచి రావాలంటే ఏడెనిమిది తినాలి, అప్పటికి 500 కెలొరీలు దాటిపోతాయి. షుగర్ ఉన్న పెద్దవాళ్లకు "జొన్నలే కదా, తినండి" అని డబ్బా ముందు పెట్టడం ప్రేమే, కానీ లెక్క తప్పిన ప్రేమ. తైద బిస్కెట్ సంగతీ అంతే. 100 గ్రాముల తైదల్లో 350 మిల్లీగ్రాముల దరిదాపుల్లో కాల్షియం ఉన్న మాట నిజమే, కానీ ఒక బిస్కెట్‌లో పడే పిండి ఎనిమిది గ్రాములు, పైగా గింజలో ఉండే ఫైటేట్లు అనే పదార్థాలు అందులో కొంత ఒంటికి పట్టనివ్వవు.

బిస్కెట్ తింటూ ఆరోగ్యం కూడా వస్తుందనుకునే ఈ పేరాశ కొత్తదేం కాదు. బ్రిటన్‌లో 1892లో మెక్‌విటీస్ అనే కంపెనీ అమ్మకం మొదలుపెట్టిన గోధుమ బిస్కెట్‌కు డైజెస్టివ్ అన్న పేరు వచ్చింది, అందులోని సోడా అరుగుదలకు మంచిదన్న అప్పటి నమ్మకం వల్లే. మన దగ్గర కథ ఇంకోలా నడిచింది. 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చాక జొన్న మెల్లగా పళ్లెంలోంచి తప్పుకుంది, పేదోడి తిండి అన్న ముద్ర మిగిలింది. ఇప్పుడు షుగర్ భయంతో రోడ్డు పక్క రొట్టెల బండ్లుగా, 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అయ్యాక రంగు రంగుల బిస్కెట్ ప్యాకెట్లుగా తిరిగొచ్చింది. ఆ ప్యాకెట్ ముందువైపు జొన్న కంకి బొమ్మ ఎంత పెద్దగా ఉన్నా వెనక్కి తిప్పి చూడాల్సిందే. పదార్థాలు బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది నిబంధన. మొదటి పేరు రిఫైన్డ్ వీట్ ఫ్లోర్ అయితే అది మైదా, జొన్న అందులో చుట్టం చూపుకు వచ్చినట్టే. ఇంట్లో చేసుకోవడంలో అసలైన లాభం అక్కడుంది. అందులో ఏముందో, ఎంతుందో చేసినవాళ్లకు తెలుసు. నిఖార్సైన జొన్న వాసన, పామాయిల్ కాకుండా నెయ్యి, రెండు తింటే కడుపు నిండినట్టు ఉండటం, ఇవి చాలవా?

దాచుకోవడం పెద్ద పనేం కాదు. పూర్తిగా చల్లారాక గాలి దూరని స్టీలు డబ్బాలో వేస్తే రెండు వారాలు నిక్షేపంగా ఉంటాయి, సజ్జవి అయితే వారంలో తినేయాలి. ముసురు పట్టిన రోజుల్లో మెత్తబడితే 150 డిగ్రీల మీద ఆరేడు నిమిషాలు పెట్టి చల్లారిస్తే మళ్లీ కరకరలాడతాయి. మొదటి వాయి ఎంత చెప్పినా కొందరికి పొడైపోతుంది, అది కూడా పారబొయ్యాల్సిన సరుకు కాదు. సద్దుల బతుకమ్మకు రొట్టెలు నలిపి, బెల్లం నెయ్యి కలిపి మలీద ముద్దలు చేస్తారు కదా, అందులో ఉన్న మూడు వస్తువులే ఈ పొడిలోనూ ఉన్నాయి. చేత్తో ఇంకాస్త చిదిమి, ఒక చెంచా వేడి నెయ్యి, నాలుగు పల్లీలు వేసి గట్టిగా ముద్దలు కడితే ఇవి బిస్కెట్లు కావాల్సినవని సాయంత్రానికి ఎవరికీ గుర్తుండదు.